కప్పు ముందా, రంగు ముందా?



2025 జూలై నెల చివరి ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ కమిటీ కూర్చున్నది. పెద్దారవీడు మండలంలో మాది చిన్న పల్లె. మందిరం పక్కనే మా చిన్నపిల్లల బడి ఉన్నది. బోర్డు మీద ఎల్.కె.జి., యు.కె.జి. అని రాయించినా ఊళ్ళో అందరూ దానిని 'బొమ్మల బడి' అనే అంటారు. క్రిస్మస్ లోపల బడికి ఏ రంగు వేయించాలన్నది ఆనాటి చర్చ. ఒకరు లేత నీలం అన్నారు, ఒకరు గులాబీ అన్నారు. హైదరాబాదులో స్థిరపడిన మా ఊరి సోదరుడొకరు తన తల్లిగారి జ్ఞాపకార్థం బడి గేటుకు ఆర్చి కట్టిస్తానని ఉత్తరం రాశారు. అది చదివి అందరం సంతోషించాము. అంతలో టీచరమ్మగారు లోపలికి వచ్చారు. ఆమె చేతిలో ఒక చేట ఉన్నది.

చేటలో ఉన్నవి బియ్యం కావు. సిమెంటు పెచ్చులు. వాటిలో పెద్దది అరచేయంత ఉన్నది. దాని లోపలి వైపు తుప్పు చార ఒకటి ఎర్రగా, గీత గీసినట్లు కనబడుతున్నది.

"ఇవి ఈ వారం పడినవి అయ్యా. సోమవారం నుంచి ఏరి పెట్టినాను. రంగు మీరు ఏది వేయించినా నాకు సమ్మతమే. పిల్లల్ని ఏ మూల కూర్చోబెట్టమంటారో అది చెప్పండి" అన్నారామె.

ఆ వారం పత్రికలు చదివినవారికి ఆ చేట చూడగానే ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో చెప్పనక్కరలేదు. దానికి రెండు రోజుల ముందే, జూలై 25న, రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్ళు రాలుతున్నవని పిల్లలు ముందే చెప్పారట, ఎవరూ లెక్కచేయలేదట. పత్రికలలో వచ్చిన మాట ఇది. మా వరకైతే పిల్లలు కాదు, టీచరమ్మే వచ్చి చెప్పారు. లేత నీలం సంగతి ఆ పూటకు అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అయిదేళ్ళ క్రితం అదే గదిలో, అదే మూల పెచ్చు ఊడితే సిమెంటు పూయించి, పుట్టీ పెట్టించి, పైన రంగు వేయించినది మేమే. బెలూన్లు కట్టి, దాని కింద నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాము. లోపల తుప్పు ఎక్కుతుంటే పైన పూత పూయడమంటే ఏమిటో అప్పుడు మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

మార్కాపురం నుండి ఒక ఇంజనీరుగారిని పిలిపించాము. ఆయన ఫీజు తీసుకోలేదు గాని, మమ్మల్ని పొగడనూ లేదు. చిన్న సుత్తె తీసుకొని నిచ్చెన మీద నిలబడి స్లాబు అడుగు భాగమంతా కొట్టి చూశారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమన్నది. లోపల విడిపోయినచోట బోలు శబ్దం వచ్చింది. బోలు పలికిన ప్రతి చోటా సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. పిల్లలు కింద నిలబడి ఆ సున్నాలు లెక్కపెట్టారు. పదిహేడు వచ్చాయి.

ఆయన చెప్పినది ఇది. స్లాబు పైన నీరు నిలిచి సన్నని బీటలలోనుండి లోపలికి దిగుతుంది. కమ్మీకి తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. పెచ్చు ఊడిందంటే జబ్బు అప్పుడు మొదలైనదని కాదు, చాలాకాలంగా ఉన్నదని. పైన నీరు దిగడం ఆపకుండా కింద పూత పూస్తే, ఊడబోయే పెచ్చు బరువు కొంచెం పెంచినట్లే. మా బెలూన్ల ఫొటో సంగతి ఆయనకు చెప్పలేదు.

మా బడికి మూడు రకాల కప్పులు ఉన్నవి. వెనుక గది సిమెంటు స్లాబు. మధ్యలో రేకుల వసారా. ముందుగది పాతకాలపు మట్టిమిద్దె. మా ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది గనుక, ఇళ్ళు కట్టే తీరు కూడా రాయలసీమదే. రాళ్ళు మట్టితో పేర్చిన వెడల్పు గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, వాటిపైన బండలు, అన్నిటిపైన చౌడుమట్టి. ఎండాకాలం ఆ గది ఇచ్చే చల్లదనం స్లాబు గది ఇవ్వదు. అందుకే మా పెద్దలకు ముందుగది మీద అంత ప్రేమ. రాతిగోడ గనుక దానికి ఢోకా లేదనీ, భయపడవలసినది స్లాబు గదికేననీ మేమందరం అనుకున్నాము.

ఇంజనీరుగారు ముందుగదిలోకి వెళ్ళి, దూలం గోడలోకి దూరేచోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కారు. అది పిడి దాకా దిగిపోయింది. దూలం నడుమ భాగం ఇనుములాగా ఉన్నది. గోడలో దాగిన కొసను మాత్రం చెమ్మ, చెదలు కలిసి తినేశాయి. తరువాత మిద్దె ఎక్కి ఒక చోట పలుగుతో తవ్వించారు. మట్టి మోకాలి లోతు ఉన్నది! మిద్దె కురిసినప్పుడల్లా ఒక బండెడు చౌడు పైన పోయించడం మా తాతల నాటినుండి ఉన్న వాడుక. పాతది తీసినవారు లేరు, కొత్తది పోసినవారే అందరూ. వాన కురిస్తే ఆ మట్టి అంతా నీరు పీల్చి ఎంత బరువెక్కుతుందో ఊహించుకోండి. మేము మేలనుకొని చేసినదంతా ఆ పుచ్చిన కొసల మీద కూర్చున్నది.

"ఈ గదిలో రేపటినుండి ఎవరినీ కూర్చోబెట్టవద్దు. సర్వి బాదులు పోటు పెట్టండి. ముందు పైమట్టి దించండి" అని ఆయన వెళ్ళిపోయారు.

నలభైమంది పిల్లలు ఎక్కడికి పోవాలి? దసరా సెలవుల దాకా జరుపుకొద్దాం, అప్పుడు చూద్దాం అన్నవారిలో మేమూ ఉన్నాము. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయక తప్పదు. మందిరంలో కూర్చోబెడదామంటే కొందరికి ఇష్టం లేకపోయింది. చాపలు పాడవుతాయన్నారు, పసిపిల్లలు తడుపుతారన్నారు. అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దాయన లేచారు. "ఏందయ్యా మీరు మాట్లాడేది? నేను అ ఆలు దిద్దింది ఎక్కడనుకున్నారు? ఈ గుడిలోనే గదా! పొద్దున బడి, రాత్రి ప్రార్థన. చాపలు కడిగితే పోతుంది" అన్నారు. ఆయన చెప్పినది నిజమే. 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి పని మొదలుపెట్టిన తరువాత మన పల్లెలలో ప్రార్థన గృహం, బడి వేరువేరుగా ఉన్నచోట్లు తక్కువ. చాలాచోట్ల ఉపదేశీ, పంతులు ఒక్కరే. మరునాడే పిల్లలు మందిరంలోకి వచ్చారు.

ఇక డబ్బు సంగతి. చేతిలో ఉన్నది 1,85,000 రూపాయలు. కానుకలు, స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం డబ్బు, కోతల పండుగ మిగులు, అన్నీ కలిపి. మొత్తం పడగొట్టి కొత్తగా కట్టాలంటే 15 లక్షలు దాటుతుందన్నారు. ఉన్న డబ్బు పెట్టి బడిని చూడముచ్చటగా చేయవచ్చు, లేదా పిల్లల నెత్తిన పడకుండా చేయవచ్చు. రెండూ చేయడానికి చాలదు.

ఆ సాయంత్రం పాస్టరుగారు రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము తీయమన్నారు. యోవాషు రాజు దినములలో మందిరం శిథిలమైతే, బాగుచేయడానికి వచ్చిన సొమ్ము ఏళ్ళ తరబడి ఎటు పోయిందో తెలియలేదు. చివరకు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేయించి, ఆ సొమ్ము నేరుగా వడ్రంగులకు, కాసెవారికి చేరేటట్లు ఏర్పాటు చేశాడు. ఆ సొమ్ముతో వెండి పాత్రలు చేయించలేదని కూడా అక్కడ రాసి ఉన్నది. ఆర్చి ఉత్తరం అందరికీ గుర్తుకు వచ్చింది గాని ఎవరూ పైకి అనలేదు. యోవాషు నాడు పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదట. మేము మాత్రం లెక్క పెట్టాము. ప్రతి ఆదివారం నోటీసు బోర్డు మీద, కొన్న మేకుల పొట్లంతో సహా.

పనుల వరుస వేసుకోవడానికి మాకు ఒక జాబితా ఉపయోగపడింది. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'మనబడి నాడు-నేడు' కార్యక్రమంలో ప్రభుత్వ బడులకు మొదట తొమ్మిది పనులు పెట్టుకున్నారు. నీళ్ళున్న మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, కరెంటు, బల్లలు, ప్రహరీ మొదలైనవి. రంగులు వేయడం కూడా ఆ తొమ్మిదింటిలో ఒకటి. పనులు చేయించినది తల్లిదండ్రుల కమిటీలే. మాది సంఘం బడి గనుక ఆ సొమ్ము మాకు వర్తించేది కాదు, కాని జాబితా అరువు తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డం చెప్పరు గదా! దానిని ముందు పెట్టుకొని, పిల్లలకు ప్రాణహాని చేయగలవన్నీ పైకి, కంటికి ఇంపైనవన్నీ కిందికి జరుపుకున్నాము. రంగు చిట్టచివరకు పోయింది. ఆర్చి జాబితాలో లేదు.

వంట పొయ్యిని మాత్రం డబ్బు లెక్క చూడకుండా మొదటి వారంలోనే వసారా నుండి మార్పించాము. 2004 జూలై 16న కుంభకోణంలో బడి వంటగదిలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పసిపిల్లలు చనిపోయిన సంగతి మా వయసువారు మరువలేరు. ఆ తరువాతి కేసులోనే 2009లో సుప్రీంకోర్టు, క్షేమమైన బడిలో చదువుకోవడం పిల్లల చదువు హక్కులో భాగమని చెప్పింది. ఆ మాట ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. సిలిండరు ఇప్పుడు బయట, గోడకు అవతల ఉన్నది.

మిద్దె మీది మట్టి దించడానికి కూలి ఇవ్వలేదు. యౌవనస్థులు నాలుగు శనివారాలు గంపలతో దించారు. పదకొండు ట్రాక్టర్ల మట్టి! స్లాబు పనికి మాత్రం చేయి తిరిగినవారు కావాలి. మన పశ్చిమ ప్రాంతపు కుటుంబాలలో హైదరాబాదుకో, బెంగళూరుకో కట్టుబడి పనులకు పోనివారు ఎంతమంది? మా సంఘంలోనే ఎనిమిదిమంది బేల్దారులు ఉన్నారు. ఊరివారి అపార్టుమెంట్లు కట్టే చేతులు వారివి. దసరాకు ఇళ్ళకు వచ్చినప్పుడు ఒక్కొక్కరు నాలుగు రోజులు ఇచ్చారు. వారిలో ఇద్దరి బిడ్డలు ఆ గదిలోనే కూర్చుంటారు. "అక్కడ పద్నాలుగో అంతస్తులో పోసిన స్లాబుకు వారం రోజులు నీళ్ళు కట్టి కాపలా ఉంటాం సారూ. ఇక్కడ మన పిల్లోళ్ళ నెత్తిమీదిది ఒక్కసారి కూడా చూడలే" అన్నాడు వారిలో ఒకడు.

సుద్ద సున్నాలున్న చోటల్లా వదులు కాంక్రీటు పూర్తిగా కొట్టేశారు. కమ్మీలను వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా పూత వేశారు. బాగా సన్నబడిన రెండు కమ్మీల పక్కన ఇంజనీరుగారు చెప్పినట్లు కొత్తవి జతచేసి, అతుక్కునే మందు కలిపిన మసాలా పొరలు పొరలుగా పెట్టారు. పైన పాత గచ్చు తీసి, ఇటుక ముక్కలతో వాలు పోసి, నీరంతా ఒక మూలకే పోయేటట్లు చేశారు. దానిమీద తెల్లసున్నం. సున్నం చవక అని చిన్నచూపు చూడవద్దు. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టి గదిని చల్లగా ఉంచుతుందనే 2023లో తెలంగాణ ప్రభుత్వం 'కూల్ రూఫ్' విధానమే తెచ్చింది. మన అవ్వలు ఏనాడో చేసిన పని.

నీరంతా ఒక మూలకు ఎందుకు మళ్ళించామో చెప్పాలి. అసలు ఈ నెల ఈ శీర్షిక రాయడానికి కారణం అదే.

ఆర్చి ఇస్తానన్న సోదరునికి ఉత్తరం ఎవరు రాయాలన్నది పెద్ద చిక్కయింది. ఇస్తానన్న కానుకను వద్దనడం మర్యాదా? చివరకు మేమే రాశాము. పెచ్చుల సంగతి, దూలం సంగతి ఉన్నదున్నట్లు రాసి, ఆర్చి బదులు వాననీటి తొట్టి ఇవ్వగలరేమో ఆలోచించమని అడిగాము. రెండు వారాలు జవాబు లేదు. నొచ్చుకున్నారనుకున్నాము.

ఆయన తల్లిగారిని ఊళ్ళో పెద్దవారందరం ఎరుగుదుము. నలభై అయిదేళ్ళు రాకముందే నడుము ఒంగిపోయి, చివరి పదేళ్ళు కర్ర పట్టుకొని నేల చూస్తూ నడిచిన తల్లి. మన ప్రాంతపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడు చేసే పని అది. వెలిగొండ నీళ్ళు వస్తాయని వింటూ వింటూనే ఆమె తరం గడిచిపోయింది. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదని మన ప్రమాణాలు చెబుతున్నవి. ముఖ్యంగా తల్లులు గమనించవలసినది ఒకటి ఉన్నది. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది బొమ్మల బడి వయసులోనే. ఆ ఏళ్ళలో తాగిన నీరే తరువాత పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుగా బయటపడుతుంది. కాచితే పోతుందనుకుంటారు కొందరు. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. వాననీటిలో ఆ బాధ లేదు.

పదిహేనో రోజున ఆయన ఫోను చేశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అన్నా, ఆర్చి అయితే అమ్మ పేరు రోడ్డుమీద పోయేవాళ్ళకు కూడా కనపడుతుందనుకున్నాను" అన్నారు. తరువాత, "తొట్టి మీదైనా రాయిస్తారు గదా?" అన్నారు. రాయిస్తామన్నాము. ఆర్చికి అనుకున్న 60,000లో 42,000 పంపారు. మిగతాది ఎందుకు తగ్గిందో మేము అడగలేదు.

లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మా స్లాబు గది 20 అడుగులకు 25 అడుగులు, అంటే సుమారు 46 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వానకు 460 లీటర్లు. దారిలో పోయేది పోగా 370 అనుకోండి. నలభైమంది పిల్లలు తలా అరలీటరు తాగితే రోజుకు 20 లీటర్లు. 5,000 లీటర్ల తొట్టి ఒకసారి నిండితే 250 బడి దినాలు! ఈ లెక్క పలకమీద వేసి చూపించినప్పుడు కమిటీలో ఒకరిద్దరు తప్పు ఉన్నదేమోనని మళ్ళీ వేశారు. తొలి వానల నీరు మురికితో వస్తుంది గనుక దానిని బయటికి వదిలే గొట్టం, ఇసుక, బొగ్గు వడపోత, దోమలు దూరకుండా గట్టి మూత, తాగేముందు కాచడం, ఇవి తప్పనిసరి. రేకుల మీది నీరు, మట్టిమిద్దె నీరు తొట్టిలోకి రానివ్వలేదు.

అక్టోబరు చివరలో మొంథా తుఫాను వచ్చింది. 28వ తేదీ రాత్రి అది కోస్తాలో తీరం దాటితే మా వైపు కూడా వాన విడవకుండా కొట్టింది. పోటు పెట్టి, మట్టి దించి, పట్టలు కప్పిన ముందుగది మీదే మా ధ్యాసంతా. దూలాలు మార్చడానికి ఇంకా డబ్బు కూడలేదు. తెల్లవారుజామున పెద్ద శబ్దం వచ్చిందని పక్కింటివారు పరుగెత్తుకొచ్చారు. టార్చి వేసి చూస్తే దూలాలు నిలిచే ఉన్నవి. కూలినది గోడ. ఈశాన్యపు మూలన రాళ్ళ మధ్య మట్టి కరిగిపోయి, ఆరడుగుల మేర లోపలికి జారి పడి ఉన్నది. అంతకుముందు యు.కె.జి. పిల్లల చాప పరిచేది సరిగ్గా అక్కడే. బడికి తుఫాను సెలవు గదా అని ఎవరో అన్నారు. మాకు మాత్రం 'దసరా దాకా జరుపుకొద్దాం' అన్న మా మాటే చెవిలో తిరిగింది. వానలో తడుస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాము.

వాన వెలిశాక స్లాబు గది తాళం తీసి చూశాము. కురిసిన గుర్తు ఒక్కటీ లేదు. తొట్టి మూతదాకా నిండి, పై గొట్టం నుండి పొర్లుతున్నది.

తరువాతి పనులు తొందరగా చెబుతాము. ముందుగదిని జాగ్రత్తగా విప్పించాము. కూలగొట్టలేదు, విప్పించాము. తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్ అనే ఆంగ్లేయుడు (1917-2007) కుష్ఠురోగుల సేవకని 1945లో మన దేశం వచ్చి, బీదవారికి తక్కువ ఖర్చుతో ఇళ్ళు కట్టడమే జీవితమంతా పనిగా పెట్టుకున్నాడు. పాత ఇంటి సామాను పారవేయడం ఆయనకు గిట్టేది కాదు. దగ్గరలో దొరికే వస్తువుతో కట్టమనీ, నిజంగా అవసరమా అని ప్రతిదానినీ అడగమనీ చెప్పేవాడు. ఆ మాట పట్టుకొని రాళ్ళు, బండలు, దంతెలు వేరు చేసి పేర్చాము. దూలాల పుచ్చు కొసలు కోసివేస్తే నడుమ భాగం ఆరు బల్లలకు సరిపోయింది.

తలుపుల పాత రంగును గీకి కొత్త రంగు వేద్దామంటే ఇంజనీరుగారు పొడిగా గీకవద్దన్నారు. మన దేశంలో రంగులలో సీసం పది లక్షలకు 90 పాళ్ళు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందరి రంగులలో ఎంత ఉన్నదో ఎవరికి తెలుసు? ఆ పొడి పసివాళ్ళ చేతులకు అంటి నోట్లోకి పోతే మెదడుకు చేటు. గుడ్డ తడిపి, తడిమీదనే రుద్ది, ఆ మురికిని దూరంగా పూడ్చాము. కరెంటుకు పాత వైర్లన్నీ మార్పించి, షాకు కొడితే వెంటనే ఆపివేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి పెట్టించాము. మరుగుదొడ్డిలో పిల్లల కాళ్ళకు తగిన చిన్న బేసిన్లు వచ్చాయి.

నేలకు టైల్సు కొనలేదు. దేశంలోని పిల్లలందరి ఒడిలో ఒకప్పుడు పలకలు పెట్టినది మన మార్కాపురం గదా! ఇప్పుడు ఆ రాయి గోడలకు, నేలలకు అలంకారంగా ఎక్కడెక్కడికో పోతున్నది. మిల్లులలో అంచు విరిగినవి, కొలత తప్పినవి కుప్పలుగా పడి ఉంటాయి. ట్రాక్టరు బాడుగకే రెండు లోడ్లు దొరికాయి. అంచులు కోసుకోకుండా రుద్ది గదంతా పరిచాము. నున్నగా ఉన్న పెద్ద ముక్కలను ఏరి, నేలనుండి రెండడుగుల ఎత్తున గోడ పొడవునా వరుసగా అమర్చాము. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ గోడ మీద తన పలక ఉన్నది. నలభైమందీ ఒకేసారి గోడకు తిరిగి రాస్తుంటే చూడాలి. చెరపడానికి ఉమ్మి వాడవద్దని టీచరమ్మ చెబుతూనే ఉంటారు.

క్రిస్మస్‌కు రంగు పడలేదు. గోడలకు సున్నం మాత్రం కొట్టించాము. బడి చూడవచ్చిన బంధువులు కొందరు ఇంత డబ్బు ఏమి చేశారని అడిగారు. నోటీసు బోర్డు చూపించాము. యు.కె.జి. పిల్లలు ఇంకా మందిరంలోనే కూర్చుంటున్నారు. చాపలు స్త్రీల సమాజం వారు వంతులవారీగా కడుగుతున్నారు. ముందుగది ఉన్నచోట రాళ్ళ కుప్ప, పక్కనే తొట్టి, తొట్టి మీద ఆ తల్లి పేరు. చేతిలో మిగిలినది 9,400 రూపాయలు.

సిమెంటు రేకుల వసారా పని మిగిలి ఉన్నది. ఆ రేకులలో ఉన్నది ఆస్‌బెస్టాస్, దాని పొడి పీలిస్తే క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పగలగొట్టి పునాదిలో పోద్దామన్న సలహా వచ్చింది గాని ఒప్పుకోలేదు. నీళ్ళు చల్లి, బోల్టులు విప్పి, పగలకుండా ఒక్కొక్కటే దించాలి. అందుకు పిల్లలు లేని రోజులు కావాలి.

టీచరమ్మగారి చేట గదిలో మేకుకు వేలాడుతున్నది. ప్రతి శుక్రవారం పిల్లలు వెళ్ళాక ఆమె నేల ఊడ్చి, ఏమైనా రాలిందేమో చూసి రిజిస్టరులో రాస్తారు. మొన్న చూస్తే స్లాబు గది గడిలో 'ఏమీ లేదు' అని ఉన్నది. వసారా గడిలో 'మూడవ రేకు అంచు చిట్లినది' అని ఉన్నది. ఆ రేకు కింద తాడు కట్టి, పిల్లలను అటు పోనివ్వడం లేదు. మే నెల సెలవులలో దించాలని ఆ ఎనిమిదిమంది బేల్దారులకు కబురు పంపాము. ఇప్పటికి ముగ్గురు వస్తామన్నారు.